ఫైలులో పడిన పేరు

1888వ సంవత్సరం డిసెంబరు 31వ తేదీ, సోమవారం. లండను నగరానికి పడమటి దిక్కున చిజిక్ అనేచోట థేమ్సు నదిలో ఒక శవం తేలింది. పడవవాడొకడు చూచి ఒడ్డుకు చేర్చి పోలీసును పిలిచాడు. సుమారు నెలరోజులు నీట నానిన శవం. పైకోటు జేబులలో నాలుగేసి పెద్ద రాళ్లు. బంగారు నాణేలు, వెండి నాణేలు, చిల్లర కలిపి 2 పౌనుల 17 షిల్లింగుల 2 పెన్నీలు. 50 పౌనులకు ఒకటి, 16 పౌనులకు ఒకటి, రెండు చెక్కులు. ఒక వెండి గడియారం. బ్లాక్‌హీత్ నుంచి లండనుకు మొదటి తరగతి సీజను టిక్కెట్టు. హామర్‌స్మిత్ నుంచి చేరింగ్‌క్రాసుకు తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, దానిమీద డిసెంబరు 1వ తేదీ.

ఇరవై యేండ్లుగా కాగితాలతోనే కాపురం చేస్తున్నవారము గనుక ఇటువంటి జాబితా కనబడితే మా కన్ను అక్కడ ఆగిపోతుంది. వస్తువు, లెక్క, తేదీ, అన్నీ ఉన్నవి. కాని ఆ మనిషిని గురించే అయిదేండ్లు దాటిన తరువాత ఒక పెద్ద పోలీసు అధికారి మరొక కాగితం వ్రాశాడు. అందులో సరిచూడ వీలైన సంగతులు చాలవరకు తప్పులే. చిత్రమేమంటే, లోకం నమ్మినది ఆ రెండవ కాగితాన్ని.

ఆ మనిషి పేరు మాంటేగ్యూ జాన్ డ్రూయిట్. ఇంగ్లండు దక్షిణాన డార్సెట్ జిల్లాలోని వింబోర్న్ పట్టణంలో 1857 ఆగస్టు 15న పుట్టాడు. తండ్రి శస్త్రవైద్యుడు. కొడుకు వించెస్టరులోను, ఆక్స్‌ఫర్డులోను చదివి, 1885లో బారిష్టరై, లండనులో కింగ్స్ బెంచ్ వాక్ అనే వీధిలో గది తీసుకున్నాడు. ప్రాక్టీసుతోబాటు నగరానికి ఆగ్నేయంగా ఉన్న బ్లాక్‌హీత్‌లో ఒక మగపిల్లల హాస్టలు బడిలో మేష్టరుగా కూడ ఉండేవాడు. నివాసమూ అక్కడే. మనలో పగలు ఆఫీసు, రాత్రి ట్యూషను పెట్టుకున్నవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. దీనికి తోడు క్రికెట్టు పిచ్చి. బ్లాక్‌హీత్ క్లబ్బుకు కార్యదర్శి, కోశాధికారి కూడ ఆయనే.

ఆ యేడాదే లండను తూర్పు పేటయైన వైట్‌చాపెల్‌లో ఆ ఘోరాలు జరిగినవి. ఆగస్టు 31 మొదలు నవంబరు 9 వరకు, సరిగ్గా పది వారాలలో, అయిదుగురు పేద స్త్రీలను ఎవడో గొంతు కోసి చంపాడు. మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ వారి పేర్లు. రాత్రి తల దాచుకొనడానికి నాలుగు పెన్నీలు లేక వీధిన తిరిగిన వారు వీరిలో ఉన్నారు. చంపిన తీరు ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో వర్ణించదగినది కాదు, వదిలివేస్తాము. ఒక వార్తాసంస్థకు వచ్చిన ఉత్తరం క్రింద ‘జాక్ ది రిప్పర్’ అని సంతకం ఉన్నది. అది ఎవరో పత్రికావిలేఖరి చిలిపితనమని అప్పటి పోలీసులలోనే కొందరి అభిప్రాయం. హంతకుడు దొరకలేదు గాని ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇక డ్రూయిట్ పేరు ఇందులోకి ఎట్లా వచ్చిందో చూద్దాము.

1894 ఫిబ్రవరిలో ‘సన్’ అనే లండను పత్రిక, థామస్ కట్‌బుష్ అనే ఒక మతిచెడిన యువకుడే ఆ హంతకుడని అర్థం వచ్చేటట్లు వరుసగా వ్యాసాలు వేసింది. దానికి జవాబు సిద్ధం చేసి పెట్టుకొనడానికి స్కాట్లండు యార్డులో సర్ మెల్విల్ మాక్నాటెన్ 23వ తేదీన ఒక నోటు వ్రాశాడు. అప్పటికింకా ‘సర్’ కాలేదనుకోండి. కట్‌బుష్ కంటె అనుమానించదగినవారు ముగ్గురున్నారని చెప్పి, మొదటి పేరుగా ఎం. జె. డ్రూయిట్ అని వేశాడు. రెండవవాడు కాస్మిన్‌స్కీ అనే పోలండు యూదుడు. మూడవవాడు మైకేల్ ఆస్ట్రోగ్ అనే రష్యా దేశపు మోసగాడు. ఈ ఆస్ట్రోగ్ సంగతి ఇక్కడే తేల్చివేద్దాము. హత్యలు జరిగిన కాలంలో అతడు ఫ్రాన్సు దేశపు జైలులో ఉన్నట్లు చాలాకాలానికి పరిశోధకులు దస్తావేజులతో సహా బయటపెట్టారు. ముగ్గురి జాబితాలో ఒకడు అప్పుడు దేశంలోనే లేడన్నమాట.

మాక్నాటెన్ మన దేశానికి కొత్తవాడు కాదు. 1873 నుంచి 1888 వరకు బెంగాలులో తండ్రిగారి భూములు చూచుకున్నవాడు. బెంగాలు పోలీసులో పెద్ద ఉద్యోగం చేసిన జేమ్స్ మన్రోతో అక్కడ స్నేహం. ఆ మన్రో తరువాత లండను పోలీసు కమీషనరైనాడు. మాక్నాటెన్ స్కాట్లండు యార్డులో చేరినది 1889 జూనులో. అంటే ఆ హత్యల దర్యాప్తు ఆయన కళ్లతో చూచినది కాదు. డ్రూయిట్ శవం దొరికేనాటికి ఆయన పోలీసు ఉద్యోగే కాదు. ఈ సంగతి ఆయన మీద నేరంగా చెప్పడం లేదు, కాగితం చదివేటప్పుడు మనసులో పెట్టుకొనవలసినదని మాత్రం చెబుతున్నాము.

ఇక ఆ కాగితాన్ని వస్తువుల జాబితా పక్కన పెట్టి చూద్దాము. డ్రూయిట్ వైద్యుడని నోటులో ఉన్నది. కాదు, బారిష్టరు, బడిపంతులు. మాక్నాటెన్ ఇంట మిగిలిపోయిన మరొక ప్రతిలో వయస్సు సుమారు 41 అని ఉన్నది. పోయేనాటికి ఆయనకు 31 నిండినవి, అంతే. మిల్లర్స్ కోర్టులో చివరి హత్య జరిగిన నవంబరు 9 ప్రాంతంలోనే అంతర్ధానమైనాడని ఉన్నది. 1914లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో మాక్నాటెన్ ఇంకొక అడుగు వేసి, పేరు చెప్పకుండానే, హంతకుడు నవంబరు 10 ప్రాంతంలో ఆత్మహత్య చేసుకున్నాడని, తనవారితో కలిసి ఉండేవాడని వ్రాశాడు. తనవారితో ఉండలేదు, బడిలో ఉన్నాడు. నవంబరు 10న చనిపోయినవాడి జేబులోకి డిసెంబరు 1వ తేదీ రైలు టిక్కెట్టు ఎట్లా వచ్చింది?

ఇక్కడ మా సొంత గోడు ఒకటి చెప్పనివ్వండి, విషయానికి దూరం కాదు.

పన్నెండేండ్ల క్రితం మేము పనిచేసిన ఒక ఆఫీసులో నగదు ఖాతాలో 18,000 రూపాయలు తగ్గినట్లు తేలింది. సరిగ్గా ఆనాడే మా పక్కబల్ల ఆయన చెల్లెలి పెండ్లికని సెలవు పెట్టి ఊరికి వెళ్లారు. అక్కడ జ్వరం తగిలి మూడు వారాలు రాలేదు. “సొమ్మూ పోయింది, మనిషీ పోయాడు, రెండూ ఒక్కనాడే. ఇంకేమి కావాలయ్యా?” అన్నారు మా పెద్ద గుమాస్తాగారు. నోటు తయారైంది. ‘విశ్వసనీయముగా తెలియవచ్చినది’ అనే మాట అందులో రెండుచోట్ల ఉన్నది. ఎవరివలన తెలియవచ్చిందో ఒక్కచోటా లేదు. దానికి సాఫు ప్రతి వ్రాసినది మేమే. చేతివ్రాత బాగుంటుందని మాకు ఇచ్చేవారు. నాలుగు నెలలకు ఆడిటు వచ్చింది. లెక్కలు చూచే పెద్దమనిషి ఆ 18,000ను తొమ్మిదితో భాగించి శేషం రాకపోయేసరికి నవ్వి, “ఇది దొంగతనం కాదు, అంకెలు తారుమారు” అన్నారు. పుట అడుగున 13,000 అని ఉన్నదాన్ని తరువాతి పుటకు ఎత్తి వ్రాసేటప్పుడు ఎవరో 31,000 అని వ్రాశారు.

డ్రూయిట్ మీద ఉన్న మొదటి వాదం మా పెద్ద గుమాస్తాగారి వాదమే. హత్యలు ఆగినవి, మనిషి పోయాడు. కాని హత్యలు ఆగినవని ఆనాడెవరు అనుకున్నారు? 1889 జులై 17న అదే పేటలో ఆలిస్ మెకెంజీ హత్య జరిగినప్పుడు కమీషనరు మన్రో వైట్‌చాపెల్‌కు అదనపు పోలీసులను తోలాడు. శవాన్ని పరీక్షించిన వైద్యులలో థామస్ బాండ్ ఇది ఆ పాత చేతి పనే అన్నాడు, జార్జి ఫిలిప్స్ కాదన్నాడు. హంతకుడు ఆరు నెలల క్రితమే థేమ్సులో పడి చచ్చాడని పోలీసులకు నిశ్చయంగా తెలిసి ఉంటే ఈ హడావిడి అంతా ఎందుకు? 1891 ఫిబ్రవరిలో ఫ్రాన్సెస్ కోల్స్ హత్యను కూడ అదే ఫైలులో చేర్చారు.

రెండవ వాదం ఆత్మహత్య. పాపభారం మోయలేక నదిలో దూకాడని. దీనికి జవాబు మరణవిచారణలోనే ఉన్నది. 1889 జనవరి 2న చిజిక్‌లో విచారణ జరిగింది. అన్నగారు విలియం సాక్ష్యమిచ్చాడు. తమ్ముడు గదికి వారానికి పైగా రాలేదని ఒక స్నేహితుడు డిసెంబరు 11న చెప్పగా తాను వెళ్లి విచారించాననీ, బడిలో ఏదో పెద్ద చిక్కులో పడి ఉద్యోగం పోగొట్టుకున్నట్లు తెలిసిందనీ చెప్పాడు. ఆ చిక్కు ఏమిటో ఎక్కడా లేదు. చెప్పరాని సంగతి అని కొందరు, డబ్బు సంగతి అని కొందరు ఊహించారు. జేబులోని చెక్కులు బడివారు ఇచ్చిన జీతపు బాకీ కావచ్చునని మరొక ఊహ. తమ్ముడు వ్రాసిపెట్టిన చీటీ కూడ అన్నగారు చూపించాడు. శుక్రవారం నుంచి తాను కూడ తల్లివలె అయిపోతానని తోస్తున్నదనీ, తాను పోవడమే మేలనీ దాని సారాంశం. తల్లిని ఆ యేడు జులైలోనే పిచ్చాసుపత్రిలో చేర్చారు. ఆమె తల్లి కూడ మతి చలించి ప్రాణం తీసుకున్నదే.

ఆ శుక్రవారం ఏది? స్థానిక పత్రికలో ‘డిసెంబరు 30’ అన్న తేదీ ఉన్నది గాని, అది ఉద్యోగం పోయిన తేదీయో అన్నగారు వెళ్లి విచారించిన తేదీయో ఆ వాక్యం చదివితే తేలదు. మేము వేళ్లమీద లెక్క వేశాము. డిసెంబరు 30 ఆదివారం. పైగా అప్పటికి ఆయన నదిలో ఉన్నాడు. నవంబరు 30 మాత్రం శుక్రవారం. మరునాడు డిసెంబరు 1, టిక్కెట్టు మీది తేదీ. ఉద్యోగం పోయినది నవంబరు 30ననే అని పరిశోధకులు అందుకే అంటారు. ఊహే గాని, అతుకు కనబడని ఊహ. తిరుగు టిక్కెట్టు ఎందుకు కొన్నాడు, చావదలచినవాడు తిరిగి రాదలచాడా అని కొందరు ప్రశ్న వేస్తారు. రోజూ రైలెక్కే మనిషి చెయ్యి అలవాటున రాను పోను టిక్కెట్టుకే డబ్బు ఇస్తుంది. అందులో పెద్ద రహస్యం మాకు కనబడలేదు. మతి స్థిమితం లేనప్పుడు చేసుకున్న ఆత్మహత్య అని తీర్పు. ఇంత దుఃఖానికి వైట్‌చాపెల్ అవసరం లేదు.

ఇక క్రికెట్టు. ఇది చదివినప్పుడు మాకు ముచ్చట వేసింది. 1888లో మన బొంబాయి పార్సీల జట్టు ఇంగ్లండులో పర్యటించింది. ఆగస్టులో బోర్న్‌మత్ పెద్దమనుషుల జట్టుతో ఆడింది. ఆ జట్టులో డ్రూయిట్ ఉన్నాడు. పార్సీల మొదటి ఇన్నింగ్సులో అయిదు వికెట్లు తీశాడు. అయినా గెలిచినది పార్సీలే. ఆ నెలాఖరున, 31వ తేదీ శుక్రవారం తెల్లవారకముందు, నికల్స్ హత్య జరిగింది. మరునాడు సెప్టెంబరు 1న డ్రూయిట్ డార్సెట్‌లోని కాన్‌ఫర్డులో బ్యాటు పట్టుకొని ఉన్నాడు. సెప్టెంబరు 8న తెల్లవారుజామున సుమారు అయిదున్నరకు ఆనీ చాప్‌మన్ హత్య. ఆనాడే పదకొండున్నరకు బ్లాక్‌హీత్ మైదానంలో క్రిస్టోఫర్సన్ సోదరులతో ఆట మొదలైంది. అన్నదమ్ములు అవతలి పక్క. డ్రూయిట్‌ను స్టాన్లీ క్రిస్టోఫర్సన్ బౌల్డు చేశాడు.

న్యాయంగా చెప్పాలంటే ఇది తిరుగులేని సాక్ష్యం కాదు. శుక్రవారం తెల్లవారుజామున లండనులో ఉన్నవాడు శనివారానికి డార్సెట్ చేరగలడు, రైలున్నది. హత్యాస్థలం నుంచి బ్లాక్‌హీత్ సుమారు ఆరు మైళ్లు. అయిదున్నరకు అక్కడ, పదకొండున్నరకు ఇక్కడ, అసాధ్యమేమీ కాదు. కింగ్స్ బెంచ్ వాక్‌లోని గది నుంచి వైట్‌చాపెల్‌కు నడిచి పోవచ్చుననేది కూడ ఒప్పుకోవలసినదే. చేసి ఉండలేడని క్రికెట్టు చెప్పదు. చేశాడని చెప్పడానికి మాత్రం ఒక చెయ్యి, ఒక కన్ను, ఒక గుడ్డముక్క ఏదైనా కావాలి గదా! ఆయనను వైట్‌చాపెల్‌లో చూచానన్న సాక్షి ఒక్కడూ లేడు.

మిగిలినది మూడవ వాదం. త్రాసులో కొంచెం బరువు తూగేది ఇదొక్కటే. ఆంతరంగికంగా అందిన సమాచారాన్నిబట్టి, సొంత కుటుంబమే ఆయనను హంతకుడని నమ్మినట్లు తనకు అనుమానం లేదంటాడు మాక్నాటెన్. ఇంటివారి నమ్మకం అంటే తేలికగా తీసివేయలేము. పైగా విచారణలో అన్నగారు, తల్లి తప్ప తమకు వేరే బంధువులు లేరని చెప్పినట్లు పత్రికలో ఉన్నది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉండగానే! కుటుంబం ఏదో కప్పిపుచ్చినట్లే ఉన్నది. కాని ఏమి కప్పిపుచ్చారు? ఇంట్లో పిచ్చి, ఆత్మహత్య అనే రెండు మాటలు చాలవా? సంబంధాలు చూచుకొనవలసిన పిల్లలున్న ఇల్లు ఆ రెండు మాటలకు ఎంత జంకుతుందో మన కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఆ సమాచారం ఎక్కడినుంచి వచ్చిందో కొంత ఆనవాలు దొరికింది. 1891 ఫిబ్రవరిలో, అంటే మాక్నాటెన్ నోటుకు మూడేండ్ల ముందు, పడమటి ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పార్లమెంటు సభ్యుడు ఒక కథ చెబుతున్నాడని పత్రికలలో వచ్చింది. ‘జాక్’ ఒక శస్త్రవైద్యుని కొడుకట, చివరి హత్య చేసిన రాత్రే ప్రాణం తీసుకున్నాడట. ఆ సభ్యుడు పశ్చిమ డార్సెట్ ప్రతినిధి ఫార్కర్సన్. ఆయన ఊరికి డ్రూయిట్ వారి ఊరు దూరం కాదు. ఇప్పుడు నోటులోని తప్పులను మళ్లీ చూడండి. ‘వైద్యుని కొడుకు’ చేతులు మారి ‘వైద్యుడు’ అయినాడు. ‘చివరి హత్య రాత్రే’ అన్నది ‘నవంబరు 10 ప్రాంతం’ అయింది. ఎత్తి వ్రాసినప్పుడు ఏ పుట నుంచి ఎత్తి వ్రాశారో తప్పునుబట్టే తెలుస్తుందని మా వృత్తివారందరికీ తెలుసు. మాక్నాటెన్ చేతికి వచ్చినది ఇంటివారి మాట కాదనీ, ఊరివారి మాట అనీ మా అనుమానం. రుజువు చేయలేము. తన దగ్గర ఉన్న కాగితాలు తగులబెట్టినట్లు 1913లో ఆయనే చెప్పాడు.

దర్యాప్తులో వీధివీధి తిరిగిన ఇన్‌స్పెక్టరు ఆబర్లీన్ మాట కూడ వినాలి. 1903లో ఒక పత్రికవారు అడిగినప్పుడు, థేమ్సులో దొరికిన యువవైద్యుని కథ తనకు తెలుసుననీ, ఆ సమయంలో శవం దొరకడం తప్ప అతనిని ఇరికించే ఆధారం ఏదీ లేదనీ అన్నాడు. ఆబర్లీన్ కూడ ‘వైద్యుడు’ అనే అనడం చూడండి. ఆయన సొంత అనుమానం జార్జి చాప్‌మన్ అనే మరొకడి మీద. ఆ అనుమానం కూడ ఎంతవరకు నిలుస్తుందో వేరే వ్యాసం కావాలి.

డ్రూయిట్ పేరు బయటి లోకానికి వెంటనే తెలియలేదు. 1959లో మాక్నాటెన్ కుమార్తె లేడీ అబర్‌కాన్వే తన దగ్గరి ప్రతిని డేనియల్ ఫార్సన్ అనే టెలివిజను విలేఖరికి చూపింది. అప్పుడు ఎం. జె. డి. అనే పొడి అక్షరాలే చెప్పారు. 1965లో టామ్ కల్లెన్ పుస్తకంలో పూర్తి పేరు అచ్చయింది. ఆ తరువాత పుస్తకాలకు, సినిమాలకు లెక్క లేదు. వైద్యుడు కాదని తెలిసిన తరువాత, తండ్రి వైద్యుడు గనుక కత్తి పట్టడం నేర్చి ఉంటాడన్నారు. వయస్సు తప్పని తెలిసిన తరువాత, పెద్ద అధికారికి ఇటువంటి చిన్న పొరపాట్లు సహజమన్నారు. చిన్నవన్నీ తప్పైన తరువాత మిగిలిన పెద్దది ఒప్పెట్లా అవుతుందో మాకు బోధపడలేదు. మా లెక్కలో ఈ కేసు కోర్టు గుమ్మం కూడ ఎక్కదు. అసలు హంతకుడెవరని అడిగితే, ఉన్న కాగితాలతో తేలదనే మా జవాబు. ఆ అయిదుగురు స్త్రీలకు న్యాయం జరగలేదన్నది ఎంత నిజమో, ఆరవ మనిషి పేరు చేర్చినందువల్ల అది జరగదన్నదీ అంతే నిజం.

డ్రూయిట్‌ను 1889 జనవరి 3న వింబోర్న్ శ్మశానంలో పూడ్చారు. మాక్నాటెన్ నోటు లండనులో క్యూ అనేచోట ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉన్నది.

మా పక్కబల్ల ఆయన ఆడిటు తేల్చిన తరువాత బదిలీ కోరుకొని వేరే ఊరు వెళ్లిపోయారు. మొన్న ఒక పనిమీద ఆ పాత ఆఫీసుకు వెళ్లినప్పుడు రికార్డు గదిలో ఉండే కుర్రవాణ్ణి అడిగి ఆ ఫైలు తీయించాము. ఆడిటువారి కాగితం వేరే ఫైలులో ఉన్నదట. ఇందులో మా చేతివ్రాతతో ఆ నోటు ఒక్కటే, 43వ పుటగా, సిరా ఏమాత్రం వెలియకుండా ఉన్నది. ఆ రెండవ కాగితానికి నకలు తెచ్చి దీని వెనుక కుట్టడానికి ఎవరి అనుమతి కావాలని అడిగితే, దరఖాస్తు పెట్టుకోండి సార్, అన్నాడు. పెట్టాము.